ఉపాధ్యాయ శిక్షణలో మనోగణితము

మనోగణితము అనగా పలక, కాగితము, గణనయంత్రము వంటి సాధనాల సహాయము లేకుండా మనస్సులోనే లెక్క చేసి జవాబు రాబట్టే పద్ధతి. తెలుగునాట దీనిని నోటిలెక్క అని వ్యవహరిస్తారు. ప్రాథమిక పాఠశాలలో బోధించటానికి శిక్షణ పొందుతున్నవారిని ఛాత్రోపాధ్యాయులు అంటారు. వీరు మనోగణిత వ్యూహాలను మొదట తాము అభ్యసించి, తరువాత సహాధ్యాయుల ముందు, చివరకు పాఠశాలలో పిల్లల ముందు ప్రయోగించటం గణిత బోధనాభ్యాసములో ఒక ముఖ్యభాగము. పిల్లలను వేగముగా లెక్కలు చేసేవారిగా తయారు చేయటం ఈ అభ్యాసము యొక్క ప్రధానోద్దేశ్యము కాదు. ఒక పిల్లవాడు జవాబును ఏ దారిన చేరుకున్నాడో విని గ్రహించగల శక్తిని ఉపాధ్యాయునికి కలిగించటమే దీని ముఖ్య ప్రయోజనము.

నిర్వచనము, పరిధి

మనోగణితమును మూడు ఇతర విషయముల నుండి వేరు చేసి చూడవలసి ఉంటుంది.

1. కంఠస్థము: 7×8 = 56 అని ఎక్కము నుండి వెంటనే చెప్పటం జ్ఞాపకమునకు సంబంధించినది. ఎక్కాలు మనోగణితమునకు ముడిసరకు వంటివి. కాని అవే మనోగణితము కావు.
2. గాలిలో రాత: 47+38ని మనస్సులో ఒకదాని క్రింద ఒకటి వ్రాసుకొని, ఒకట్ల స్థానము నుండి మొదలుపెట్టి, "ఐదు వేసి ఒకటి మిగులు" అనుకుంటూ చేయటం వ్రాతపద్ధతినే కాగితము లేకుండా చేయటం. ఇందులో సంఖ్యల స్వభావమును గమనించటం ఉండదు.
3. ప్రదర్శన: గణితావధానము, గణన పోటీలు అసాధారణ ప్రజ్ఞకు సంబంధించినవి. 1980 జూన్ 18న లండనులోని ఇంపీరియల్ కళాశాలలో శకుంతలాదేవి రెండు 13 అంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించి చెప్పిన ఘట్టము ఇటువంటిది. తరగతి గదిలోని మనోగణితము ప్రతి పిల్లవానికీ అందవలసిన సామాన్య విద్య.

దీనినిబట్టి, ఇచ్చిన సంఖ్యలను చూసి, వాటికి తగిన దారిని ఎంచుకొని, ఆ దారి ఎందుకు సరియైనదో చెప్పగలగటం మనోగణిత వ్యూహము అవుతుంది.

తెలుగునాట నోటిలెక్కల సంప్రదాయము

తెలుగులో గణితశాస్త్ర రచన ప్రాచీనమైనది. సుమారు 11వ శతాబ్దికి చెందినవాడని భావించబడే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోకి తెచ్చాడు. ఇటీవలి కాలములో కడప జిల్లాకు చెందిన అంధ గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ (1907–1997) తన అవధానములతో ప్రసిద్ధి పొందాడు.

సామాన్య ప్రజల నోటిలెక్క వీధిబడులలో, అంగళ్ళలో, కళ్ళాలలో పెరిగింది. వీధిబడిలో పిల్లలు పూర్ణసంఖ్యల ఎక్కాలతో పాటు భిన్నాల ఎక్కాలను కూడా వల్లించేవారు. పావు, అర, ముప్పాతిక, పరక (1/8), వీసము (1/16) అనే మాటలు నిత్యవ్యవహారములో ఉండేవి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెముల పద్ధతి అమలులోకి వచ్చేవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. కనుక సగము చేయటం, సగములో సగము చేయటం ఆనాటి లెక్కకు ప్రాణము. ఉదాహరణకు సేరు 6 అణాలైతే మూడున్నర సేర్ల వెల ఎంత అన్నప్పుడు, మూడు ఆర్లు పద్దెనిమిది, ఆరులో సగము మూడు, మొత్తము 21 అణాలు, అనగా రూపాయి మీద 5 అణాలు అని చెప్పేవారు. ఇందులో విభాగ న్యాయము ఇమిడి ఉంది. ఆ పేరు మాత్రము చెప్పినవారికి తెలియదు.

ఈ సంప్రదాయములో ఒక లోపము కూడా ఉంది. బడిలో ఎక్కము అప్పజెప్పటానికి ఉన్న స్థానము, "ఎలా చేశావు?" అనే ప్రశ్నకు లేదు. అంగడిలో నేర్చిన దారులు బడిలోకి రాలేదు. బడిలో నేర్చిన వ్రాతపద్ధతి అంగడిలోకి వెళ్ళలేదు.

ఇతర దేశాలలో

స్విట్జర్లాండు విద్యావేత్త పెస్టలోజీ (1746–1827) వస్తువులను చూపి, మౌఖికముగా సంఖ్యాజ్ఞానము కలిగించాలని బోధించాడు. ఆ ప్రభావముతో అమెరికాలో వారెన్ కోల్‌బర్న్ 1821లో వెలువరించిన అంకగణిత వాచకము మనోగణితమునకు పెద్దపీట వేసింది. వ్రాత గుర్తులకు ముందు నోటిలెక్కలు ఉండాలన్నది ఆయన పద్ధతి. 20వ శతాబ్దిలో నెదర్లాండ్సుకు చెందిన హాన్స్ ఫ్రాయిడెంతాల్ (1905–1990) ప్రేరణతో రూపొందిన వాస్తవిక గణిత విద్య నుండి ఖాళీ సంఖ్యారేఖ అనే సాధనము ప్రచారములోకి వచ్చింది. ఇంగ్లండులో 1999లో ప్రారంభమైన జాతీయ సంఖ్యాజ్ఞాన కార్యక్రమము, ప్రాథమిక తరగతులలో ప్రతిదినము గణిత పాఠమును మౌఖిక, మానసిక గణనతో మొదలుపెట్టాలని సూచించింది. అమెరికాలో 1990వ దశకము ఆరంభములో రూత్ పార్కర్, కాథీ రిచర్డ్‌సన్ రూపొందించిన "నంబర్ టాక్" పద్ధతి తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. ఇందులో ఉపాధ్యాయుడు ఒక లెక్కను బల్లపై వ్రాస్తాడు, పిల్లలు మనస్సులో చేస్తారు, తరువాత తమ దారులను ఒక్కొక్కరుగా వివరిస్తారు.

భారతదేశములో విధానాలు

1986 జాతీయ విద్యా విధానము దరిమిలా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్‌లు) ఏర్పడి, ప్రాథమికోపాధ్యాయ శిక్షణకు కేంద్రాలయ్యాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పిల్లల ఆలోచనను గణితీకరించటమే గణిత విద్య యొక్క ముఖ్యలక్ష్యమని చెప్పింది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు ప్రాథమిక విద్యా డిప్లొమాలో పాఠశాల అనుభవమునకు ఎక్కువ కాలము కేటాయించాయి. 2020 జాతీయ విద్యా విధానము పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానములను అత్యవసరమైనవిగా గుర్తించింది. 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమము మొదలయింది. 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రము గణిత బోధనాకాలమును నాలుగు భాగములుగా సూచించింది. వాటిలో మొదటిది మౌఖిక గణిత సంభాషణ. తక్కినవి నైపుణ్య బోధన, నైపుణ్యాభ్యాసము, గణిత క్రీడలు. కనుక నోటిలెక్కను నడపగలగటం నేటి ఛాత్రోపాధ్యాయునికి విధ్యుక్తమైన పని అయింది.

శిక్షణలో దీని అవసరము

ఛాత్రోపాధ్యాయులలో ఎక్కువమంది వ్రాతపద్ధతులలో మాత్రమే ఆరితేరి శిక్షణకు వస్తారు. తమకు తెలిసిన ఒక్క దారినే గణితమని భావించే ఉపాధ్యాయుడు, పిల్లవాడు మరొక సరియైన దారిన వచ్చినప్పుడు దానిని తప్పుగానో, అడ్డదారిగానో తీసివేసే ప్రమాదము ఉంది. ఈ నష్టము ఎంతటిదో కొన్ని పరిశోధనలు చూపించాయి.

బ్రెజిల్ దేశములోని రెసీఫె నగరములో వీధులలో సరకులు అమ్మే 9–15 ఏళ్ళ వయస్సు గల ఐదుగురు పిల్లలను టెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ పరిశీలించి 1985లో ఫలితాలు ప్రకటించారు. బేరము సందర్భములో అడిగిన లెక్కలలో 98.2 శాతము సరిగా చేసిన ఆ పిల్లలు, ఆ సంఖ్యలతోనే ఇచ్చిన మాటల లెక్కలలో 73.7 శాతము, సందర్భము లేని అంకెల లెక్కలలో 36.8 శాతము మాత్రమే సరిగా చేశారు. వారిలో 12 ఏళ్ళ బాలుడు, కాయ 35 చొప్పున 10 కొబ్బరికాయల వెల అడిగినప్పుడు మూడు కాయలకు 105, మరి మూడు కలిపి 210, ఇంకా నాలుగు కావాలి కనుక ముందు 315, చివరకు 350 అని చేరుకున్నాడు. "పదితో గుణించటానికి సున్న చేర్చు" అన్న బడిసూత్రము అతనికి అక్కరకు రాలేదు. అతని దారి మాత్రము సంపూర్ణముగా సరియైనది.

నలభై ఏళ్ళ తరువాత, 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరియు వారి సహచరులు ప్రచురించిన అధ్యయనము భారతదేశములోనూ ఇదే స్థితిని చూపింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లలు క్లిష్టమైన బేరపు లెక్కలను నోటితో చేయగలిగినా, బడిలో ఇచ్చే రూపములో అంతకన్న తేలికైన లెక్కలను కూడా చేయలేకపోయారు. సమీప పాఠశాలలలో చదువుతూ మార్కెట్ అనుభవము లేని 471 మంది పిల్లల స్థితి దీనికి విరుద్ధము. తేలికైన అంకెల లెక్కలు వారు మెరుగుగా చేశారు. కాని మార్కెట్ పిల్లలలో మూడవ వంతుకు పైగా సాధించిన ఒక బేరపు లెక్కను వారిలో 1 శాతము మాత్రమే చేయగలిగారు. ఈ రెండు విద్యల మధ్య వంతెన కట్టవలసినవాడు ప్రాథమికోపాధ్యాయుడు.

ఉపాధ్యాయుల జ్ఞానమును గురించి లిపింగ్ మా 1999లో వెలువరించిన గ్రంథము ప్రసిద్ధమైనది. 23 మంది అమెరికను, 72 మంది చైనా ఉపాధ్యాయులను ఆమె పరిశీలించింది. వ్యవకలనమును అమెరికను ఉపాధ్యాయులలో ఎక్కువమంది "అరువు తెచ్చుకోవటం"గా వివరించగా, చైనా ఉపాధ్యాయులలో ఎక్కువమంది పై స్థానపు ప్రమాణమును "విడదీయటం"గా వివరించారు. ఈ భేదము తెలుగు తరగతులకు కూడా వర్తిస్తుంది. "ప్రక్కవానిని అప్పు అడుగు" అని చెప్పే అలవాటు మన బడులలో ఉంది. అప్పు తెచ్చినది తిరిగి ఇవ్వాలి కదా అని పిల్లవాడు అడిగితే ఆ మాట నిలబడదు. ఒక పదిని పది ఒకట్లుగా విడదీశామని చెబితే నిలబడుతుంది.

ప్రధాన వ్యూహాలు

సంకలనము
* పది నింపుట: 8+5లో 5ను 2, 3గా విడదీసి, 8+2 = 10, 10+3 = 13 అనుట.
* జంటల సాయము: 7+8ని 7+7 మీద ఒకటి, అనగా 15 అనుట.
* స్థానాలుగా విడదీయుట: 47+38లో 40+30 = 70, 7+8 = 15, మొత్తము 85. ఇక్కడ లెక్క ఎడమ నుండి, పెద్ద స్థానము నుండి మొదలవుతుంది.
* సర్దుబాటు: 47+38లో 38 బదులు 40 కలిపి 87, ఎక్కువ కలిపిన 2 తీసి 85.

వ్యవకలనము
* పైకి లెక్కించుట: 100−63 కొరకు 63 నుండి 70కి 7, 70 నుండి 100కి 30, మొత్తము 37. అంగడివారు చిల్లర ఇచ్చే పద్ధతి ఇదే.
* సమభేదము: 83−38లో రెండు సంఖ్యలకూ 2 కలిపితే 85−40 = 45. రెండింటినీ సమానముగా జరిపితే భేదము మారదు.
* సర్దుబాటు: 83−40 = 43, ఎక్కువ తీసిన 2 తిరిగి చేర్చి 45.

గుణకారము, భాగహారము
* విభాగ న్యాయము: 14×6లో 10×6 = 60, 4×6 = 24, మొత్తము 84. అట్లే 99×7లో 700 నుండి 7 తీసి 693.
* సగము–రెట్టింపు: 16×25 = 8×50 = 4×100 = 400.
* వరుసగా సగము చేయుట: 96÷4 కొరకు 96లో సగము 48, అందులో సగము 24.
* తెలిసిన గుణిజములుగా విడదీయుట: 91÷7లో 91ని 70, 21గా చూసి 10+3 = 13.

శాతములు, అంచనా
* 240లో 15 శాతము కొరకు 10 శాతము 24, అందులో సగము 12, మొత్తము 36.
* 398×5 జవాబు 2000కు కొద్దిగా తక్కువ ఉండాలని ముందే ఊహించుట. వ్రాతలెక్కలో తప్పును పట్టుకోవటానికి ఇది కావలివాని వంటిది.

ఒక్కొక్క వ్యూహమునకు వెనుక ఒక గణిత ధర్మము ఉంటుంది. పది నింపుటకు సహచర ధర్మము, 14×6కు విభాగ న్యాయము, పైకి లెక్కించుటకు సంకలన వ్యవకలనముల విలోమ సంబంధము ఆధారము. ఈ ఆధారము తెలియని ఛాత్రోపాధ్యాయునికి వ్యూహము ఒక చిట్కాగానే మిగులుతుంది.

అభ్యాస దశలు

మొదటి దశ – స్వీయాభ్యాసము: శిక్షణ తరగతిలో 15×12 వంటి లెక్క ఇచ్చి, ప్రతివారూ తమ దారిని చెప్పాలి. ఒకరు 15×10, 15×2 కలిపి 180 అంటారు. మరొకరు 30×6 అంటారు. ఇంకొకరు 12×10కి అందులో సగము కలుపుతారు. తన దారి ఒక్కటే దారి కాదని ఛాత్రోపాధ్యాయుడు స్వానుభవముతో తెలుసుకొనే దశ ఇది.

రెండవ దశ – ముందుచూపు: ఎంచుకొన్న లెక్కకు పిల్లలు చెప్పగల సరియైన దారులను, రాగల తప్పు జవాబులను పాఠ్యపథకములో ముందే వ్రాసుకోవాలి. సంఖ్యల ఎంపిక కూడా ఈ దశలోనే జరుగుతుంది. సర్దుబాటు వ్యూహము బయటపడాలంటే 38, 49, 97 వంటి పదికో నూరుకో దగ్గరి సంఖ్యలు కావాలి. 43+25 వంటి లెక్కలో ఆ వ్యూహము అవసరమే రాదు.

మూడవ దశ – సహాధ్యాయుల ముందు ప్రయోగము: 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో డ్వైట్ ఆలెన్ బృందము రూపొందించిన సూక్ష్మబోధన మన శిక్షణ సంస్థలలో చిరకాలముగా ఉన్నది. ఇందులో ఒక్కొక్క నైపుణ్యమును విడిగా అభ్యసిస్తారు. మాగ్డలీన్ లాంపర్ట్ మరియు సహచరులు 2013లో వివరించిన "రిహార్సల్" పద్ధతి దీనికి భిన్నమైనది. సహాధ్యాయులు పిల్లలుగా కూర్చుని నిజమైన దారులు, నిజమైన తప్పులు చెబుతారు. అధ్యాపకుడు మధ్యలో ఆపి, "ఇప్పుడు ఈ జవాబుకు ఏమి అడుగుతావు?" అని ప్రశ్నిస్తాడు. అవసరమైతే అదే ఘట్టమును మరల నడిపిస్తారు.

నాలుగవ దశ – పాఠశాలలో ప్రయోగము: పాఠమునకు ముందు 10 నిమిషములు ఒకటి రెండు లెక్కలతో నడుపుతారు. తోటి ఛాత్రోపాధ్యాయుడు వెనుక కూర్చుని, పిల్లలు చెప్పిన మాటలను చెప్పినట్లే వ్రాసుకుంటాడు.

ఐదవ దశ – సమీక్ష: పిల్లలు ఏమి చెప్పారు, తాను దానిని ఏమని అర్థము చేసుకొన్నాడు, బల్లపై ఏమి వ్రాశాడు అన్న మూడింటినీ పోల్చి చూస్తారు. ఈ మూడింటికీ పొంతన లేకపోవటం మొదటి వారాలలో సర్వసాధారణము.

నమూనా తరగతి

ఈ క్రింది సంభాషణ మూడవ తరగతికి కల్పించిన నమూనా.

ఛాత్రోపాధ్యాయిని బల్లపై 63−28 అని అడ్డముగా వ్రాసింది. నిలువుగా వ్రాస్తే పిల్లల దృష్టి వెంటనే వ్రాతపద్ధతి మీదికి పోతుంది. జవాబు వచ్చినవారు చెయ్యి ఎత్తకుండా, గుండె దగ్గర బొటనవ్రేలు చూపమన్నది. దీనివలన ఇంకా ఆలోచిస్తున్నవారు కంగారు పడరు. తరువాత జవాబులు అడిగితే 35, 45 అని రెండు వచ్చాయి. తప్పొప్పులు చెప్పకుండా రెండింటినీ బల్లపై వ్రాసింది.

"లక్ష్మీ, నువ్వు ఎలా చేశావమ్మా?"

"అరవై మూడులోంచి ముప్ఫై తీసేశాను టీచర్. ముప్ఫై మూడు వచ్చింది. రెండు ఎక్కువ తీశాను కదా, అందుకని మళ్ళీ రెండు కలిపాను. ముప్ఫై ఐదు."

"రహీమ్, నీదీ ఇదే దారా?"

"కాదు టీచర్. ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫైకి రెండు. ముప్ఫై నుంచి అరవైకి ముప్ఫై. ఇంకో మూడు. మా కొట్లో చిల్లర ఇట్లాగే ఇస్తారు."

"శివా, నీకు నలభై ఐదు ఎలా వచ్చింది నాన్నా?"

"ఎనిమిదిలోంచి మూడు పోతే ఐదు. ఆరులోంచి రెండు పోతే నాలుగు."

ఈ ఘట్టమే ఛాత్రోపాధ్యాయినికి అసలు పరీక్ష. శివ ప్రతి స్థానములోనూ పెద్ద అంకె నుండి చిన్న అంకెను తీశాడు. ఇది ఏమరుపాటు కాదు. సంఖ్యను విడి అంకెలుగా చూడటం వలన కలిగే, ప్రపంచమంతటా కనిపించే పొరపాటు. "తప్పు, కూర్చో" అంటే అతనికి తెలిసేది తాను ఓడిపోయానని మాత్రమే. ఆమె, "శివా, నీ దగ్గర అరవై మూడు రూపాయలున్నాయి. ముప్ఫై ఖర్చు పెడితే ఎంత మిగులుతుంది?" అని అడిగింది. "ముప్ఫై మూడు" అన్నాడు. "మరి ఇరవై ఎనిమిదే ఖర్చు పెడితే నలభై ఐదు మిగులుతుందా?" అతడు కొంతసేపు ఆగి, "లేదు టీచర్, ముప్ఫై మూడు కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి" అన్నాడు. జవాబును సవరించినది ఉపాధ్యాయిని కాదు, శివయే.

సాధారణముగా జరిగే పొరపాట్లు

* మొదటి జవాబుతో ఆగుట: సరియైన జవాబు రాగానే "శభాష్" అని ముందుకు పోతే, ఇంకా ఆలోచిస్తున్న పిల్లల లెక్క మధ్యలోనే ఆగిపోతుంది.
* సమానపు గుర్తు దుర్వినియోగము: పిల్లవాడు చెబుతుండగా 47+40 = 87−2 = 85 అని బల్లపై వ్రాయటం తరచు కనిపిస్తుంది. 47+40, 85 సమానము కావు. "సమానము" అంటే "తరువాత చేయవలసినది" అనే భావము పిల్లలలో పాతుకొని, పై తరగతులలో సమీకరణములకు ఆటంకమవుతుంది. రెండు వేరు వరుసలలో వ్రాయటం, బాణపు గుర్తులు, లేదా ఖాళీ సంఖ్యారేఖ దీనికి నివారణ.
* సర్దుబాటులో దిశ తప్పుట: 83−38కి 40 తీసి 43 చేసి, మరల 2 తీసి 41 అనటం ఛాత్రోపాధ్యాయులలో సైతము కనిపిస్తుంది. సంకలనములో ఎక్కువ కలిపితే తీయాలి, వ్యవకలనములో ఎక్కువ తీస్తే చేర్చాలి. దీనిని సూత్రముగా కంఠస్థము చేయించటం కంటె, 38 ఇవ్వవలసినచోట 40 రూపాయలు ఇచ్చాము, రెండు తిరిగి మన చేతికి వస్తాయి అని ఊహింపజేయటం మేలు.
* చిట్కాను వ్యూహముగా భ్రమించుట: 34×11కు 3, 4ల మధ్య వాటి మొత్తము 7 పెట్టి 374 అనే చిట్కా ప్రసిద్ధము. దానినే 78×11కు వాడి 7158 అనే పిల్లలు ఉంటారు. 78×10కి 78 కలిపితే 858 అని తెలిసినవాడు ఈ గోతిలో పడడు. 1965లో వెలువడిన భారతీ కృష్ణ తీర్థుల గ్రంథముతో ప్రచారములోకి వచ్చిన "వేదగణిత" సూత్రములను బోధించేటప్పుడు కూడా కారణము చెప్పటం అవసరము.
* తన దారిని రుద్దుట: ఆనాటి పాఠ్యపథకములో "పది నింపుట" ఉన్నదని, మరొక దారిన చెప్పిన పిల్లవానిని కూర్చోబెట్టటం.

భాష, సంఖ్యానామములు

నోటిలెక్క నోటిమాటతో నడుస్తుంది కనుక సంఖ్యల పేర్లు ముఖ్యము. తెలుగులో "నలభై ఏడు" అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తరువాత స్పష్టముగా వినిపిస్తాయి. "పదమూడు"లో పది, మూడు రెండూ ఉన్నాయి. స్థానాలుగా విడదీసి ఎడమ నుండి లెక్కించే వ్యూహమునకు ఇది సహజముగా అనుకూలము. ఆంగ్లములో 13 నుండి 19 వరకు ఒకట్లు ముందు వినిపిస్తాయి. ఉర్దూ, హిందీలలో 39కి "ఉన్తాలీస్" వంటి విడి పేర్లను నూరు వరకు నేర్వవలసి ఉంటుంది. ఆంగ్ల, ఉర్దూ మాధ్యమాలలో బోధించే ఛాత్రోపాధ్యాయుడు, పిల్లవాడు లెక్కను ఇంటిభాషలో చేసి జవాబును బడిభాషలో చెబుతున్నాడా అని గమనించాలి. ఆలస్యము లెక్కలో కాక అనువాదములో ఉండవచ్చు.

ఉత్తరాంధ్ర కొండ ప్రాంతాలలోని సవర భాష మరింత విశిష్టమైనది. గిడుగు వేంకట రామమూర్తి కృషితో విద్యాలోకమునకు పరిచయమైన ఈ భాషలో సంఖ్యానామములు పన్నెండు, ఇరవైల ఆధారముగా నడుస్తాయి. పదమూడును "పన్నెండు–ఒకటి" అన్న రీతిలో చెబుతారు. అటువంటి పిల్లలకు "పది నింపుట" స్వతస్సిద్ధము కాదు. దానిని పుల్లలు, కట్టలతో ప్రత్యేకముగా పరిచయము చేయవలసి ఉంటుంది.

మూల్యాంకనము

పిల్లల మనోగణితమును గడియారముతో కొలవటం సులభము, కాని అది చాలదు. గణితభయము లెక్క చేస్తున్నప్పుడు మనస్సులో నిలుపుకోగల శక్తిని తగ్గిస్తుందని ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ 2001లో ప్రయోగపూర్వకముగా చూపారు. ఆ శక్తి మీదనే నోటిలెక్క ఆధారపడి ఉంటుంది. కనుక జవాబు సరియైనదా, ఎంచుకొన్న దారి ఆ సంఖ్యలకు తగినదా, కారణము చెప్పగలిగాడా అన్న మూడు అంశములను చూడటం ఉచితము.

ఛాత్రోపాధ్యాయుని మూల్యాంకనములో అతడు ఎంత బాగా వివరించాడన్నదాని కంటె, పిల్లలు చెప్పినదానిని ఎంత సరిగా విన్నాడన్నది ప్రధానము. ఒక తరగతిలో ఎన్ని దారులు బయటికి వచ్చాయి, తప్పు జవాబు చెప్పిన పిల్లవానిని ఏమి అడిగాడు, బల్లపై వ్రాత పిల్లవాని మాటకు అనుగుణముగా ఉన్నదా అన్నవి పరిశీలనాంశములు.

పరిమితులు, విమర్శలు

* ఎక్కాలను కంఠస్థము చేయనక్కరలేదని ఈ పద్ధతి చెబుతుందని కొందరి అపోహ. 10 లోపు కూడికలు, ఎక్కాలు నోటికి రానివాడు వ్యూహములను ఉపయోగించలేడు. వ్యూహములతో పదేపదే చేయటం వలన ఎక్కాలు గుర్తుండటం కూడా సులభమవుతుంది. ఈ రెండూ పరస్పర పోషకములు.
* ఒకే లెక్కకు అయిదారు దారులు చూపితే, వెనుకబడిన పిల్లలు గందరగోళపడతారన్న విమర్శలో నిజము ఉంది. ఒక్కొక్క దినము రెండు దారులను పోల్చి చర్చించటం చాలునని అనుభవజ్ఞుల సూచన.
* 2009 విద్యాహక్కు చట్టము ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుని నిర్దేశించినా, ఏకోపాధ్యాయ పాఠశాలలలో ఐదు తరగతులను ఒకేసారి నడిపే ఉపాధ్యాయునికి పది నిమిషముల సంభాషణ కూడా కష్టమే. అటువంటిచోట ఒకే లెక్కను వివిధ స్థాయిల సంఖ్యలతో ఇవ్వటం ఒక మార్గము.
* వ్రాతపరీక్షలలో జవాబుతో పాటు వ్రాతపద్ధతికి మార్కులు ఇచ్చే ఆచారము ఉన్నంతకాలము, నోటితో సరిగా చేసిన పిల్లవాడు నష్టపోయే అవకాశము ఉన్నది.
* పాఠశాలలోని సీనియర్ ఉపాధ్యాయులు ఈ పద్ధతిని కాలహరణముగా భావిస్తే, శిక్షణలో నేర్చినదానిని ఛాత్రోపాధ్యాయుడు అక్కడే విడిచివేస్తాడు. అందువలన శిక్షణ సంస్థ, పాఠశాల కలిసి పనిచేయటం అవసరము.

వ్రాతపద్ధతులకు మనోగణితము ప్రత్యామ్నాయము కాదు. పెద్ద సంఖ్యలకు వ్రాతపద్ధతి అనివార్యము. అయితే ఏ లెక్కకు కలము పట్టాలో, ఏ లెక్కకు అక్కరలేదో నిర్ణయించుకోగలగటం, వ్రాసి తెచ్చిన జవాబు నమ్మదగినదా కాదా అని చూడగలగటం మనోగణితము వలననే సాధ్యము. పిల్లలు ఇంటి నుండి, అంగడి నుండి తెచ్చుకొన్న లెక్క బడిగడప దగ్గర ఆగిపోకుండా చూడటం ఛాత్రోపాధ్యాయులు నేర్వవలసిన విద్య.